లక్షల్లో ఫాలోవర్లు ఉన్న పేజీని వదిలి ఆన్‌లైన్ కుట్టు పాఠాలు పెట్టాలనుకుంటున్నాను. చూసేవాళ్లు నేర్చుకోవడానికి వస్తారా?

సుద్దముక్క:

నేను కుట్టుపని వీడియోలు చేస్తాను. చొక్కాలు, గౌన్లు, పిల్లల బట్టలు, కత్తిరింపు నుంచి కాజాల దాకా. కొన్నేళ్లుగా ఇదే నా సంపాదన. కుట్టు మిషన్ల కంపెనీలు, దారాల కంపెనీలు ప్రచారానికి డబ్బులిస్తాయి. బయటి నుంచి చూసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. నాకు మాత్రం రోజురోజుకూ విసుగు పెరుగుతోంది.

ఎందుకో చెబుతాను. నా వీడియోల్లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది చొక్కాకు చెయ్యి అతికించే వీడియో. నిమిషం కూడా ఉండదు. గుండుసూదులు టకటకా గుచ్చడం, మిషను పరుగెత్తడం, చివర్లో తిప్పి చూపిస్తే ముడత లేని భుజం. దాని కింద ఇప్పటికీ ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది: "మీరు చేసినట్టే చేశాను. చెయ్యి పైకెత్తితే చొక్కా మొత్తం లేస్తోంది. ఎందుకు?"

దానికి జవాబు ఆ వీడియోలో లేదు. చంక బిగుతుగా ఉందనిపించగానే చాలామంది చంక రౌండును ఇంకాస్త కిందికి కోసేస్తారు. నిజానికి అది కిందికి దిగినకొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు పక్క కుట్టు అంత ఎక్కువగా పైకి లాగుతుంది. చంకను ఒంటికి దగ్గరగా పైనే ఉంచి, చేతి ముక్క తల (భుజానికి అతికే పై వంపు) ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచుకోవాలి. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది. కాగితం మీద గీసి, పాత గుడ్డ మీద కుట్టి, తొడుక్కుని చూస్తేనే నమ్మకం కుదురుతుంది. తేడా ఎక్కడుందో పక్కన ఎవరైనా చూసి చెప్పాలి కూడా. నేను కెమెరా ముందు నిదానంగా ఒక గీత గీస్తే చాలు, జనం వేలితో పైకి తోసేసి తర్వాతి వీడియోకి వెళ్లిపోతారు.

అందుకే ప్రచారాలు, రోజువారీ వీడియోలు మానేసి, సరిగ్గా నేర్పే పాఠాలు పెట్టాలని ఉంది. ఇంట్లోవాళ్లు రెంటికీ చెడ్డ రేవడివి అవుతావని భయపెడుతున్నారు. ఇప్పుడున్న ఫాలోవర్లు డబ్బు కట్టి వస్తారా? ఒక్కసారిగా వదిలేయాలా, మెల్లగా తప్పుకోవాలా? కోర్సులు అమ్మే పెద్ద సైట్లలో పెట్టాలా, సొంతంగా పెట్టుకోవాలా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి. "మీ మనసు చెప్పింది చేయండి" అనే సలహా మాత్రం వద్దు, అది ఇప్పటికే బోలెడుమంది ఇచ్చారు.

పెన్సిల్‌గీత:

సుద్దముక్క గారూ, నేను బొమ్మల వీడియోల నుంచి పాఠాల వైపు వచ్చినవాణ్ణి. వస్తారు, కానీ మీరు అనుకుంటున్నవాళ్లు రారు. నా ప్రతి వీడియో కిందా తప్పకుండా మెచ్చుకునే కొందరి పేర్లు నాకు కంఠతా వచ్చు. వాళ్లలో ఒక్కరూ చేరలేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ ఒక్క వ్యాఖ్య కూడా రాయనివాళ్లు. ఇంట్లో కూర్చుని గీస్తూ, ఎక్కడో ఒకచోట ఆగిపోయి, ఎవరిని అడగాలో తెలియనివాళ్లు. మెచ్చుకునేవాళ్లకు మన పని చూడటంలోనే ఆనందం ఉంది, అది వాళ్లకు ఉచితంగా దొరుకుతోంది. వాళ్ల మీద నిష్ఠూరం అక్కర్లేదు.

మీకు కావలసినవాళ్లు ఎవరో మీరే రాశారు. "చెయ్యి ఎత్తితే చొక్కా లేస్తోంది" అన్నవాళ్లు గుడ్డ కోశారు, కుట్టారు, తొడుక్కున్నారు, చెయ్యి ఎత్తి చూసుకున్నారు. వాళ్లలో నేర్చుకోవాలనే పట్టుదల ఉంది. ముందు వాళ్లకు జవాబు రాయండి. చంక రౌండు కొలత ఎలా తీసుకోవాలో ఒక్క పేజీలో బొమ్మ గీసి, అడిగినవాళ్లకు ఈమెయిల్‌లో పంపండి. ఆ చిరునామాల జాబితా మీ సొంతం. ఫాలోవర్ల జాబితా మీది కాదు, మీ పోస్టు ఎవరికి చూపించాలో వేరొకరు నిర్ణయిస్తారు. వైన్ అనే 6 సెకన్ల వీడియోల యాప్‌లో లక్షల ఫాలోవర్లు ఉన్నవాళ్లుండేవారు. దాన్ని మూసేస్తున్నట్టు 2016 అక్టోబరులో ప్రకటించారు, 2017 జనవరికల్లా మూతపడింది. చూసేవాళ్లను ముందే వేరేచోటికి తెచ్చుకున్నవాళ్లు నిలబడ్డారు.

ఇంకొకటి, దీన్ని మాత్రం దాటవేయకండి. వీడియోలు రికార్డు చేయడానికి ముందు ఒక చిన్న బృందానికి ప్రత్యక్షంగా, డబ్బు తీసుకునే నేర్పండి. ఉచితంగా పెడితే అందరూ బాగుందనే అంటారు, ఆ మాటతో మనకు ఏమీ తెలియదు. ముఖం గీయడంలో నీడలు వేయడమే కష్టమని ఎవరైనా అనుకుంటారు. నేను ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తే మొదటి తరగతిలోనే వేరే సంగతి బయటపడింది. కళ్లు తలకు సరిగ్గా మధ్యలో, అంటే నడినెత్తికీ గడ్డానికీ సగం దూరంలో ఉంటాయి. దాదాపు అందరూ వాటిని బాగా పైకి పెట్టేస్తున్నారు. పునాదే అలా ఉంటే పైన నీడలు ఎంత అందంగా వేసి ఏం లాభం? నా పాఠాల వరుస మొత్తం ఆ రోజే మారిపోయింది. మీ చంక రౌండు దగ్గర కూడా ఇలాంటిదేదో దాగి ఉంటుంది.

పాఠాల మేస్త్రీ:

నేను ఆన్‌లైన్ కోర్సులు రూపొందించే ఉద్యోగంలో ఉన్నాను. పై సలహాతో ఏకీభవిస్తున్నాను, కానీ ఆయన అసలు కష్టం చెప్పలేదు. జనం చేరడం ఒక ఎత్తు, చేరినవాళ్లు పూర్తి చేయడం ఒక ఎత్తు.

విశ్వవిద్యాలయాల కోర్సులు ఆన్‌లైన్‌లో అందించే కోర్సెరా, ఎడెక్స్ సైట్లు 2012లో మొదలైనప్పుడు ఇక ప్రపంచమంతా ఇంట్లోనే చదువుకుంటుందన్నారు. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017-18లో నమోదైనవాళ్లలో కోర్సు పూర్తి చేసింది సుమారు 3 శాతం. సగానికి పైగా కోర్సు లోపలికే అడుగు పెట్టలేదు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తి చేశారు. డబ్బు కట్టేవాళ్లు మొదటి నుంచే గట్టి ఉద్దేశంతో వస్తారు కాబట్టి ఘనతంతా రుసుముకే ఇవ్వలేం. అయినా తేడా చిన్నది కాదు. పేరున్న అధ్యాపకులు చెప్పినా, డబ్బు కట్టి వచ్చినా, సగానికి పైగా మధ్యలో వదిలేశారన్నది గుర్తుంచుకోండి.

నిడివి సంగతి. ఎడెక్స్‌లోనే 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా జనం సాధారణంగా చూసేది 6 నిమిషాలకు మించలేదు. కాబట్టి చిన్న వీడియోలు చేసే మీ చేతివాటం వృథా పోదు. అయితే ప్రతి ముక్క చివరా చూసేవాళ్ల చేతికి పని ఇవ్వాలి. చూస్తున్నంతసేపూ వచ్చేసినట్టే ఉంటుంది, అదే ప్రమాదం. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత చూడకుండా గుర్తు చేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు ముందున్నారు. మీ పాఠంలో దీని అర్థం, "వీడియో ఆపేయండి, చేతి ముక్క తల వంపును చూడకుండా కాగితం మీద గీయండి, ఫొటో పంపండి."

ఆ ఫొటో చూసి దిద్దేది ఎవరు? మీ వ్యాపారమంతా ఈ ప్రశ్న మీదే ఉంది. వీడియోను లక్షమందికి చూపించవచ్చు. లక్ష ఫొటోలు దిద్దలేరు. వారానికి ఎన్ని దిద్దగలరో ముందు లెక్క వేసుకుని, అంతమందినే చేర్చుకోండి, రుసుము దాన్ని బట్టి పెట్టండి. దిద్దుబాటు లేని కోర్సు పొడవాటి రీల్, అంతే.

లెక్కలపద్దు:

అందరూ బోధన గురించే మాట్లాడుతున్నారు, నేను కాగితాల గురించి మాట్లాడతాను. ఇలాంటివాళ్ల ఖాతాలు చూడటం నా పని.

ఒక్కసారిగా వదలకండి. ముందు మిషన్ల కంపెనీతో ఉన్న ఒప్పందం తీసి చదవండి. పోటీ కంపెనీ సరుకు చూపించకూడదనే షరతు ఒప్పందం ముగిశాక కూడా కొంతకాలం నడుస్తుందేమో చూడండి. అలా ఉంటే మీ పాఠంలో బల్ల మీద ఏ మిషను పెట్టాలన్నది కూడా వాళ్ల చేతిలోనే ఉన్నట్టు. మీ ముఖాన్ని, వీడియోలను వాళ్ల ప్రకటనల్లో ఎంతకాలం వాడుకోవచ్చో రాసి ఉంటుంది, అదీ చూడండి. రీల్స్ వెనక వేసిన పాటలను అమ్మే పాఠంలో వేయకండి. యాప్ ఇచ్చిన అనుమతి యాప్ లోపలికే.

పెద్ద సైటా, సొంతమా అంటే వాటాలు చూడండి. యూట్యూబ్‌లో మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో చేసినవాళ్లకు 55 శాతం వస్తుంది. కోర్సులు అమ్మే యుడెమీ సైట్లో మీ సొంత లింకు ద్వారా వచ్చి కొంటే 97 శాతం మీది, సైటే కొనేవాళ్లను తెచ్చుకుంటే 37 శాతం. చందా పద్ధతిలో బోధకులకు పంచే వాటాను 2024లో 20 శాతం, 2025లో 17.5 శాతం చేశారు. మనుషులను తెచ్చే బలం మీకు ఇప్పటికే ఉంది. అలాంటప్పుడు ఆ పని కోసం వాటా ఇచ్చుకోవడంలో అర్థం లేదు. పైగా అక్కడ కొన్నవాళ్ల చిరునామాలు మీ చేతికి రావు. సొంతంగా పెట్టుకుంటే డబ్బు వాపసు ఎప్పుడిస్తారో స్పష్టంగా రాసిపెట్టండి, పన్ను లెక్కలు మొదటి నెల నుంచే విడిగా రాయండి. ప్రచారాల డబ్బు పెద్ద మొత్తంగా ఒకేసారి వస్తుంది, రుసుములు చినుకుల్లా వస్తాయి. ఈ తేడాను తట్టుకునేంత నిల్వ చేతిలో ఉంచుకున్నాకే చివరి ప్రచారానికి సెలవు చెప్పండి.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. లెక్కలపద్దు గారూ, ఒప్పందం తీసి చూశాను. పోటీ మిషను చూపించకూడదన్న షరతు నిజంగానే ఉంది. అది ముగిసేదాకా కాగితం, కత్తెర పాఠాలే చెబుతాను. నిజానికి చొక్కా తేడా కొట్టేది అక్కడే.

"కుట్టుపని మొత్తం" అనే ఆలోచన మానేశాను. చొక్కా చెయ్యి, చంక, ఇంతవరకే ఒక పాఠం. వారానికి ఒక ప్రచారం ఒప్పుకుంటూ, మిగతా రోజులు దీనికి ఇస్తాను. మేస్త్రీ గారూ, ఒక్క సందేహం. దిద్దడానికి ఎలాంటి ఫొటోలు అడగాలి? ఇప్పుడు జనం పంపేవి అద్దం ముందు నవ్వుతూ తీసుకున్నవి. వాటిలో అసలు కుట్టే కనబడదు.

పాఠాల మేస్త్రీ:

బట్టల సంగతి మీకే ఎక్కువ తెలుసు, అందుకని పద్ధతి వరకు చెబుతాను. మూడే ఫొటోలు, ఎప్పుడూ అదే వరుసలో. చేతులు కిందికి వదిలి పక్క నుంచి ఒకటి, చెయ్యి పైకెత్తి అదే చోటు నుంచి ఒకటి, కాగితం కత్తిరింపును బల్ల మీద పరిచి పక్కన కొలత టేపు పెట్టి నిటారుగా పై నుంచి ఒకటి. ముఖం అక్కర్లేదని ముందే చెప్పండి, సిగ్గుపడేవాళ్లు కూడా పంపుతారు. ఫొటోతో పాటు "తేడా ఎక్కడుందని మీరు అనుకుంటున్నారు?" అని ఒక వాక్యం రాయించండి. అది రాయనివాళ్ల ఫొటో చూడకండి.