స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చులో ఫెడరల్ వాటా లెక్కగట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. మా ఊరి స్కూల్ బడ్జెట్ చూస్తున్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్, అంటే వైకల్యమున్న పిల్లల చదువు ఖర్చులు (స్పీచ్ థెరపిస్టులు, ఆ పిల్లలను వేరే స్కూళ్లకు తీసుకెళ్లే వ్యాన్లు, ఆ స్కూళ్లకు కట్టే ఫీజులు) ఏటా పెరుగుతున్నాయి. ప్రాపర్టీ టాక్స్ వసూలు ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదని రాష్ట్ర చట్టం (కొన్ని మినహాయింపులున్నాయి). దాంతో కోత సంగీతం టీచరు మీద పడుతోంది.

ఆ పిల్లలందరికీ చదువు చెప్పాలని 1975లో ఫెడరల్ (కేంద్ర) చట్టం చేసినప్పుడు, అలాంటి ఒక్కో పిల్లకు దేశంలో సగటున ఒక విద్యార్థిపై అయ్యే ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామన్నది అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు). ఇప్పుడొచ్చేది 15 శాతం కూడా లేదు. డబ్బివ్వకుండా రాష్ట్రాలు, ఊళ్ల మీద భారం మోపొద్దని 1995లో ఇంకో చట్టం తెచ్చారు గానీ, ఇలా ఫెడరల్ గ్రాంటు తీసుకున్నందుకు పెట్టే షరతులు దాని కిందికి రావట. మరి దేనికి ఆ చట్టం!

ఆ పిల్లలకు ఖర్చు పెట్టొద్దని నా ఉద్దేశం కాదు, దయచేసి అలా లాగకండి. మీటింగులో మాట్లాడాలంటే చేతిలో లెక్క ఉండాలి. అందుకే అడుగుతున్నా:

ఫెడరల్ చట్టం వల్ల తప్పనిసరైన ఖర్చునూ, రాష్ట్రం తన నిబంధనలతో పెంచినదాన్నీ విడదీసి చూసే మార్గముందా? ఖర్చు మరీ ఎక్కువైన పిల్లల కోసం రాష్ట్రమిచ్చే ‘ఎక్స్‌ట్రార్డినరీ ఎయిడ్’ను ఏ పద్దులో వెతకాలి? స్కూల్ బోర్డుల్లో పనిచేసినవాళ్లు, ఆడిట్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. వేరే రాష్ట్రాల అనుభవమైనా ఫర్వాలేదు.