'స్యూ అగైనెస్ట్' తప్పా? ఫిర్యాదు ఉత్తరాల ఇంగ్లీషు మీద చర్చ

పలకబలపం:
సాయంత్రాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఫిర్యాదు ఉత్తరం రాయమంటే చాలామంది ఒకేచోట జారుతున్నారు. 'వాడి మీద కేసు పెట్టాను' అనడం మనకు అలవాటు. అందుకే 'ఐ పుట్ కేస్ ఆన్ హిమ్' అనో, 'ఐ విల్ స్యూ అగైనెస్ట్ యూ' అనో రాస్తారు. స్యూ పక్కన అగైనెస్ట్ అక్కర్లేదు. 'స్యూ ద కంపెనీ' అంటే చాలు, 'మీద' అన్న అర్థం ఆ క్రియలోనే ఉంది. అగైనెస్ట్ వాడాలంటే 'ఫైల్ ఎ సూట్ అగైనెస్ట్ ద కంపెనీ' అనాలి. అలాగే డ్యామేజ్ అంటే జరిగిన నష్టం, డ్యామేజెస్ అంటే ఆ నష్టానికి కోర్టు ఇప్పించే డబ్బు. ఇవి తెలియకుండా ఉత్తరం రాయకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

రాతకోతలు:
నేను ఒప్పుకోను. 'స్యూ అగైనెస్ట్ యూ' అంటే అర్థం కానివాళ్లు ఎవరండీ? ఇంగ్లండులో సివిల్ కోర్టులకు 1999లో కొత్త నియమాలు వచ్చినప్పుడు దావా వేసినవాళ్లకు వాడే 'ప్లెయింటిఫ్' అన్న పాత మాట తీసేసి 'క్లెయిమెంట్' అని పెట్టారు. మామూలు మనిషికి అర్థం కావాలనే కదా! భాష పుట్టినచోటే మాటలు సులువు చేసుకుంటుంటే, ఉత్తరం రాయడానికి మనం పరీక్ష పాసవ్వాలా?

వానచినుకు:
అమెరికాలో కంప్లైంట్ అంటే దావా వేసే కాగితం కూడా కదా?

పలకబలపం:
అవునండీ. అక్కడ సివిల్ దావా మొదలయ్యేది వాది కోర్టులో వేసే 'కంప్లైంట్'తోనే. ప్రతివాది దానికిచ్చే జవాబు పేరు 'ఆన్సర్'. కస్టమర్ కేర్‌కు రాసేదీ కంప్లైంటే. ఎవరికి ఇస్తున్నామన్నదాన్ని బట్టి ఆ మాట బరువు మారుతుంది. రాతకోతలు గారూ, ఇంగ్లండులో పోయిన ప్లెయింటిఫ్ అమెరికాలో ఇప్పటికీ ఉంది. స్యూ పక్కన అగైనెస్ట్ మాత్రం రెండుచోట్లా తప్పే.

నిమ్మళం:
సివిల్ దావాలో ఎదుటివాళ్లను 'అక్యూజ్డ్' అని రాసేవాళ్లను చూశాను. అది నేరం కేసులో నిందితుడికి వాడే మాట. సివిల్‌లో 'డిఫెండెంట్' అనాలి. ఓడిపోయినా 'గిల్టీ' అనరు, 'లయబుల్' అంటారు, అంటే బాధ్యులని.

రాతకోతలు:
సరే, నా సంగతి చెబుతాను. ఒక సంస్థ నాకు తిరిగివ్వాల్సిన డిపాజిట్ ఇవ్వలేదు. నాలుగు ఫోన్ల తర్వాత విసిగిపోయి 'ఐ యామ్ స్యూయింగ్ అగైనెస్ట్ యూ ఫర్ డ్యామేజ్' అని మెయిల్ పెట్టాను. మర్నాడే జవాబొచ్చింది: విషయం లీగల్ విభాగానికి వెళ్లింది, ఇక కస్టమర్ కేర్ మాట్లాడదు అని. ఆరు నెలలు తిప్పారు. వాళ్లకు నా బాధ అర్థం కాకనా?

పలకబలపం:
నేను చెప్పేదీ అదే కదండీ. 'ఐ యామ్ స్యూయింగ్' అంటే దావా వేసేశానని వాళ్లు అనుకుంటారు. మీరు వేయలేదు. 'ఐ విష్ టు మేక్ ఎ కంప్లైంట్' అనాల్సింది. పైగా అక్కడా అగైనెస్ట్, డ్యామేజ్...

తేనెపట్టు:
ఆయన డబ్బు పోయిందంటుంటే మీరు ఇంకా ప్రిపోజిషన్ దగ్గరే ఉన్నారు.

రాతకోతలు:
అదీ అడగండి! మాస్టారూ, 'అగైనెస్ట్' గురించి మూడుసార్లు చెప్పారు. డబ్బు వచ్చిందా అని ఒక్కసారి అడగలేదు. రాలేదు. నేను తప్పుల్లేకుండా రాసినా వాళ్లు ఇంకో సాకు వెతికేవాళ్లు. అర్థమయ్యీ కానట్టు నటించేవాళ్లను వదిలేసి నా భాషను తప్పుపడతారేంటి?

పలకబలపం:
అడగకపోవడం నా తప్పే, క్షమించండి. కానీ నాకు ఈ పట్టుదల ఎందుకో కూడా వినండి. మా నాన్నగారికి రావాల్సిన డబ్బులో సగం చెక్కు ఇచ్చి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పైన 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అని ఉంది. సెటిల్‌మెంట్ అంటే లెక్క చూడటమని, మిగతాది తర్వాత ఇస్తారని ఆయన అనుకున్నారు. ఇక ఏమీ అడగనని ఒప్పుకుంటున్నట్టు ఆయనకు తెలియదు. ఆ కాగితం మడత మీద ఆయన బొటనవేలి ఇంకు మరక ఇప్పటికీ ఉంది. నేను దిద్దేది మార్కుల కోసం కాదండీ.

రాతకోతలు:
ఇది ముందే చెప్పాల్సింది మాస్టారూ. వింటుంటే నాకూ కడుపు రగిలింది. కానీ తప్పు మీ నాన్నగారిదా? ఆయనకు అర్థమయ్యే మాటల్లో రాయనివాళ్లది. మన గొడవ స్యూ గురించి కాదు. మాటల బరువు మోయాల్సింది ఫిర్యాదు చేసేవాడని మీరంటున్నారు, కాగితం తయారుచేసినవాడని నేనంటున్నాను.

పలకబలపం:
మోయాల్సింది వాళ్లే. మోయరు కాబట్టి నేర్పుతున్నాను. 'వితౌట్ ప్రెజుడిస్' అని ఉత్తరం పైన కనిపిస్తే 'పక్షపాతం లేకుండా' అనుకునేవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. రాజీ కోసం చెప్పే ఈ మాటలను తర్వాత కోర్టులో మా మీద వాడకూడదని దానర్థం. వాళ్లు సులువుగా రాసేదాకా ఆగితే ఈలోపు ఎన్ని సంతకాలు పడతాయి?

వానచినుకు:
మరి మొదటి ఉత్తరంలో ఏం రాయాలండీ?

పలకబలపం:
ఏం జరిగింది, ఏ తేదీన, ఎంత రావాలి, ఎప్పటిలోగా కావాలి. 'ప్లీజ్ రిఫండ్ ద డిపాజిట్' అని, పక్కన మొత్తం, గడువు తేదీ. స్యూ అన్న మాట నిజంగా వేసే ఉద్దేశం ఉన్నప్పుడే.

రాతకోతలు:
ఈ నాలుగూ రాసుకున్నాను, మళ్లీ మెయిల్ పెడతాను. బరువు ఎవరిదన్న దాంట్లో మాత్రం నా మాట మారదు.