108 వచ్చేలోపు ఆస్తమా పిల్లలకు ఏం చేయాలి? హాస్టల్ చార్ట్ చూసి చెప్పండి

చలికాలం మొదలయ్యేలోపే మా హాస్టల్ గోడకు ఆస్తమా చార్ట్ అంటించాలి. డాక్టర్ రాసిచ్చిన శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు (పఫ్‌కు 100 మైక్రోగ్రాములు), స్పేసర్లు (ఇన్‌హేలర్‌కు తగిలించి మందు పీల్చే గొట్టాలు) ఉన్నాయి.

దగ్గు, పిల్లికూతలు ఉన్నా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే: నిటారుగా కూర్చోబెట్టి, ప్రతిసారీ ఇన్‌హేలర్ ఊపి, ఒక్కో పఫ్‌కి 4 శ్వాసల చొప్పున 4 పఫ్‌లు. అన్నీ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేస్తే మందు గోడలకే అంటుకుంటుంది. 4 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ 4. అప్పటికీ తగ్గకపోతే 108.

రెండు మాటలకే ఆయాసపడుతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటున్నా ముందే 108, వెంటనే పఫ్‌లు. పెదాలు నీలంగా మారడం, మగత, పిల్లికూతలు ఆగి నీరసించిపోవడం ప్రాణాపాయం. శబ్దం ఆగింది కదా, తగ్గిందనుకుంటారు. నిజానికి గాలే ఆడటం లేదు. దీన్ని ఎర్ర అక్షరాల్లో రాస్తున్నాం.

పిల్లల డాక్టర్లు, నర్సులు దయచేసి చెప్పండి: అంబులెన్స్‌కి అరగంట దాటితే 4 నిమిషాలకోసారి 4 పఫ్‌లు అలాగే కొనసాగించాలా? ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మందు) ఒక డోసు ముందే రాయించి పెట్టుకోవచ్చా? వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ అంకె చార్ట్‌లో పెట్టాలా? చేతులు చల్లబడినా, నెయిల్ పాలిష్ ఉన్నా అది తప్పు చూపించవచ్చు. అంకె బాగుందని వార్డెన్ ఆగిపోతే ఎలా అన్నదే మా భయం.