రేణిగుంట నుంచి వెళ్లే ఏటీఆర్ 72లో ఎండాకాలం బరువు ఎందుకు తగ్గిస్తారు? ధ్రువీకృత పరిమితుల గురించి ఒక సందేహం

ప్రశ్న: తిరుపతి_మెకానికల్

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. కిందటి మే నెలలో మా పెదనాన్నగారు, పెద్దమ్మగారు మధ్యాహ్నం పూట రేణిగుంట నుంచి ఏటీఆర్ 72 విమానంలో హైదరాబాదు వెళ్లారు. అక్కడ దిగాక వారి పెట్టెల్లో ఒకటి కనిపించలేదు. విచారిస్తే, ఆ రోజు లోడ్ పరిమితి ఉన్నందువల్ల కొంత సామాను తరువాతి విమానానికి ఉంచవలసి వచ్చిందని సిబ్బంది చెప్పారు. పెట్టె మరుసటి రోజు భద్రంగా ఇంటికి చేరింది కనుక ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా సందేహం సాంకేతికమైనది.

ఏటీఆర్ 72-600 గరిష్ఠ టేకాఫ్ బరువు 23,000 కిలోలు అని చదివాను. అది ధ్రువీకరించిన సంఖ్య అయినప్పుడు ఏ రోజైనా, ఏ ఊరిలోనైనా ఒకటిగానే ఉండాలి కదా. రేణిగుంట రన్‌వే మీద ఎయిర్‌బస్ 320 వంటి జెట్ విమానాలే దిగుతున్నాయి, లేస్తున్నాయి. మరి అంతకంటే ఎంతో చిన్నదైన, రెండు టర్బైన్ ఇంజన్లూ ప్రొపెల్లర్లను తిప్పే టర్బోప్రాప్‌కు పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలని ఉంది. 23,000 అన్నది నిజంగా విమానం మోయగల చివరి బరువా, లేక 24,000 కిలోలతో కూడా ఎగరగలిగినా ముందుజాగ్రత్త కోసం తగ్గించి రాసినదా? ఈ రంగంలో పనిచేసినవారు ఎవరైనా వివరిస్తే కృతజ్ఞుడిని.

జవాబు: విశ్రాంత_ఏఎంఈ_చిత్తూరు

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగిలినవన్నీ వాటంతట అవే విడిపోతాయి. 24,000 కిలోలతో చల్లని ఉదయం పొడవైన రన్‌వే మీద ఆ విమానం నేల విడవవచ్చు. అయితే ధ్రువీకృత పరిమితి అనేది విమానం ఏమి చేయగలదో చెప్పే సంఖ్య కాదు. తయారీదారు లెక్కల ద్వారా, పరీక్షల ద్వారా నిరూపించి, నియంత్రణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న హద్దు అది. ఆ హద్దు దాటిన చోట రెక్క విరుగుతుందని ఎవరూ అనరు. విరగదని ఎవరూ నిరూపించలేదు, అంతే. ప్రయాణికులను ఎక్కించుకునే విమానానికి ఆ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

ఏటీఆర్ విషయంలో ఆ నిరూపణను అంగీకరించి, ఆ నమూనా విమానానికి ఇచ్చే ఆమోదపత్రమైన టైప్ సర్టిఫికెట్‌ను నిర్వహిస్తున్నది యూరప్ విమాన భద్రతా సంస్థ. మన దేశంలో ఆ విమానం నడవడానికి ఇక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ ఆమోదం కావాలి. ఆ సర్టిఫికెట్‌కు అనుబంధంగా ఉండే డేటా షీట్‌లో బరువులు, వేగాలు, ఇంజన్ల రకం, ప్రొపెల్లర్ల రకం, ఇంధన పరిమాణం వంటివి ఉంటాయి. ఫ్లైట్ మాన్యువల్‌లో ‘పరిమితులు’ అనే అధ్యాయం వేరుగా ఉంటుంది. మాన్యువల్‌లోని మరికొన్ని భాగాలలో సలహాలు, సమాచారం కూడా ఉండవచ్చును గాని, ఈ అధ్యాయంలోని ప్రతి వాక్యానికీ పైలట్ చట్టరీత్యా కట్టుబడి ఉండవలసిందే.

బరువు పరిమితి ఒకటే కాదని మొదట గుర్తించాలి. 72-600కు గరిష్ఠ టేకాఫ్ బరువు 23,000 కిలోలు, గరిష్ఠ ల్యాండింగ్ బరువు 22,350 కిలోలు, ఇంధనం లేకుండా లెక్కించే గరిష్ఠ బరువు, అంటే జీరో ఫ్యూయల్ వెయిట్, 21,000 కిలోలు. కొన్ని విమానాలు ఇంతకంటే తక్కువ అంకెలతో కూడా ధ్రువీకరణ పొంది ఉంటాయి కనుక, ఆ ఒక్క విమానం పత్రాలలో ఏమి ఉందో అదే లెక్క.

ఈ మూడూ మూడు వేర్వేరు భయాల నుంచి పుట్టినవి. దిగేటప్పటి బరువు ఎందుకు తక్కువో మీరు మెకానికల్ విద్యార్థి కనుక ఇట్టే గ్రహిస్తారు. పెద్ద రవాణా విమానాల నియమాల ప్రకారం ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో కిందికి వచ్చి నేలను తాకినా అండర్‌క్యారేజీ (చక్రాలూ వాటి కాళ్లూ), దానిని పట్టి ఉంచే నిర్మాణం తట్టుకోవాలి. టేకాఫ్ బరువుతో అయితే సెకనుకు 6 అడుగులకు తట్టుకుంటే చాలు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ రెండు అంకెల మధ్య తేడా కంటికి కనిపించే దానికంటే చాలా ఎక్కువ.

జీరో ఫ్యూయల్ వెయిట్ సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఏటీఆర్‌లో ఇంధనం రెక్కల్లో ఉంటుంది. గాల్లో రెక్కలను పైకి వంచే లిఫ్ట్‌కు, అంటే గాలి పైకెత్తే బలానికి, ఎదురుగా ఆ ఇంధనపు బరువు రెక్కలను కిందికి పట్టి ఉంచుతుంది, మధ్యనున్న ఫ్యూజలాజ్ (విమానపు గొట్టం లాంటి దేహం) లోని మనుషులూ సామానూ ఆ పని చేయరు. వారి బరువు రెక్క మొదట్లో, అంటే రెక్క ఆ దేహాన్ని కలిసే చోట, వంపు భారాన్ని పెంచుతుంది. ఇంధనం తరిగేకొద్దీ ఆ ఊరట తగ్గుతుంది కనుక, ట్యాంకులు ఖాళీ అయినా రెక్క మొదలు తట్టుకోగల బరువును విడిగా నిర్ణయించారు. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున తెరుచుకునే పలకలు) మూసి ఉన్నప్పుడు +2.5 నుంచి -1 వరకు, తెరిచి ఉన్నప్పుడు +2 నుంచి 0 వరకు ఉన్న లోడ్ ఫ్యాక్టర్ (రెక్క మోసే భారం విమానం బరువుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) పరిమితులు కూడా ఈ బరువులతో ముడిపడినవే. నిర్మాణం ఆ పరిమితి భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలని నియమం. మీరు అడిగిన ముందుజాగ్రత్త అక్కడ ఉంది. అది తయారీలోని తేడాలకు, అనుకోని గాలి కుదుపులకు కేటాయించినది. అదనపు పెట్టెలు ఎక్కించుకోవడానికి మాత్రం కాదు.

జవాబు: లోడ్‌షీట్_రేణిగుంట

పైన పెద్దలు చెప్పినవి నిర్మాణపు పరిమితులు. నేను కొంతకాలం ఒక విమానాశ్రయంలో లోడ్ అండ్ ట్రిమ్ షీట్లు (విమానంలో ఎంత బరువు, ఎక్కడ ఉందో చూపే లెక్కల పత్రాలు) తయారుచేసే పని చేశాను కనుక ఆ రోజు లెక్క ఎలా జరుగుతుందో చెబుతాను. 23,000 అనేది పైకప్పు మాత్రమే. దాని కింద ఆ రోజు గాలి, ఉష్ణోగ్రత, రన్‌వే పొడవు, చుట్టూ ఉన్న అడ్డంకులు, గమ్యంలో దిగే బరువు, వీటిలో ఏది అన్నిటికంటే చిన్న సంఖ్య ఇస్తే అదే ఆ ప్రయాణపు గరిష్ఠ బరువు.

రేణిగుంట సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక వాతావరణం ప్రకారం ఉండవలసిన ఉష్ణోగ్రత 14 డిగ్రీల చిల్లర. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉందనుకుందాం. తేడా దాదాపు 28 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున లెక్కవేస్తే సాంద్రతా ఎత్తు 3,700 అడుగుల దగ్గరకు వస్తుంది. అంటే నేల మీద నిలబడి ఉన్న విమానానికి తగిలే గాలి, చల్లని రోజున హార్స్‌లీ హిల్స్ పైభాగానికి కొంచెం దిగువన ఉండే గాలి అంత పలచన. ఆ పలచని గాలిలో రెక్కకూ, ప్రొపెల్లర్‌కూ, ఇంజన్‌కూ ముగ్గురికీ పని కష్టమవుతుంది.

ఇక ఇంధనం. అంకెలు ఊహించి చెబుతున్నాను, ఏ సంస్థవీ కావు. సిబ్బందితో సహా సిద్ధంగా ఉన్న విమానం 13,600 కిలోలు, 78 మంది ప్రయాణికులు సామానుతో తలా 90 కిలోలు అనుకుంటే 7,020 కిలోలు. మొత్తం 20,620. ఇది 21,000కు లోపలే ఉంది. 2,000 కిలోల ఇంధనం పోస్తే 22,620 అవుతుంది, ఏ ఇబ్బందీ లేదు. అయితే ఆ సాయంత్రం హైదరాబాదులో ఉరుములతో వాన పడే సూచన ఉంటే, అక్కడ దిగలేని పక్షంలో విజయవాడకో బెంగళూరుకో మళ్లడానికి, గాల్లో కొంతసేపు తిరగడానికి ఇంధనం పెంచాలి. అది 2,900 అయితే మొత్తం 23,520 అవుతుంది. 520 కిలోలు ఎక్కడి నుంచో తీయాలి. ఇంధనం తీయరు, తీయకూడదు. ప్రయాణికులను దింపడం కంటే పెట్టెలు దింపడం మేలని చాలా చోట్ల నిర్ణయిస్తారు. మీ పెదనాన్నగారి పెట్టె ఎండ వల్లనే ఆగిందని ఖాయంగా చెప్పలేం, గమ్యంలోని మబ్బుల వల్ల కూడా ఆగి ఉండవచ్చు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. దగ్గరి ఊరికి వెళ్లేటప్పుడు ల్యాండింగ్ బరువే అడ్డం వస్తుంది. దారిలో 450 కిలోల ఇంధనమే ఖర్చవుతుందనుకుంటే, 22,350కి దానిని కలిపితే 22,800. అంటే బెంగళూరంత దగ్గరికి వెళ్లే విమానం 23,000తో లేవడానికి వీలు లేదు, రన్‌వే ఎంత పొడవున్నా సరే.

ప్రశ్న అడిగినవారు: తిరుపతి_మెకానికల్

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. ల్యాండింగ్ బరువు వెనక ఉన్న కారణం మా పుస్తకాలలో ఎక్కడా ఇంత సూటిగా చదవలేదు. లోడ్‌షీట్ గారు అడ్డంకుల గురించి ఒక మాటలో చెప్పి వదిలేశారు. రేణిగుంట నుంచి పడమరగా లేచే విమానానికి కుడివైపు శేషాచలం కొండలు ఉన్నాయి. ఒక ఇంజన్ ఆగిపోతే ఏటీఆర్ ఆ కొండలను దాటగలదా? ఆ లెక్క కూడా పరిమితులలో భాగమేనా?

జవాబు: టర్బోప్రాప్_పైలట్_చంద్రగిరి

అవును, భాగమే. నా దృష్టిలో రెండు ఇంజన్ల విమానానికి అన్నిటికంటే ముఖ్యమైన భాగం అదే.

టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగిన తరువాత, చక్రాలు లోపలికి ముడిచి, ఫ్లాప్స్ టేకాఫ్ స్థితిలోనే ఉంచి, వీ2 అనే నిర్ణీత వేగంతో ఎక్కుతున్నప్పుడు రెండు ఇంజన్ల విమానం కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలని నియమం. ఆ రోజు ఎత్తుకూ ఉష్ణోగ్రతకూ ఏ బరువుతో అది సాధ్యపడదో ఆ బరువుతో లేవడానికి అనుమతి లేదు. అడ్డంకుల లెక్కకు ఆ 2.4లో నుంచి 0.8 తీసివేసి చూడాలి. మిగిలేది 1.6, అంటే కిలోమీటరుకు 16 మీటర్లు. తిరుమల రేణిగుంట విమానాశ్రయానికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తులో ఉంది. విమానాశ్రయం వంద మీటర్ల ఎత్తులో ఉందనుకున్నా ఎక్కవలసినది 750 మీటర్లు, లెక్కలో ఆ దూరానికి వచ్చేది 320 మీటర్ల పైచిలుకు. కనుక ఒక ఇంజన్‌తో కొండ మీదుగా వెళ్లే ఆలోచనే ఎవరూ చేయరు. ఏ రన్‌వే నుంచి ఏ దిశగా లేచినా ఇంజన్ ఆగితే ఎటు తిరగాలో, అడ్డంకులు ఎక్కడ లేవో ముందే గీసి ఉంచి, ఆ దారిలో ఉన్న ప్రతి చెట్టునూ స్తంభాన్నీ 35 అడుగుల తేడాతో దాటేటట్లు బరువును నిర్ణయిస్తారు.

ఆ వాలు సాధించడానికి ఇంజన్ పరిమితులు ఎలా తోడ్పడతాయో కూడా చూడండి. పీడబ్ల్యూ127ఎమ్ ఇంజన్ మామూలు టేకాఫ్‌లో 2,475 హార్స్‌పవర్ ఇస్తుంది. ఒకటి ఆగిపోతే, ఆగిన దాని ప్రొపెల్లర్ బ్లేడ్లను గాలికి అడ్డు పడకుండా తిప్పి, రెండో ఇంజన్‌ను 2,750 వరకు తీసుకువెళ్లే వ్యవస్థ దానంతట అదే పనిచేస్తుంది. ఆ అదనపు శక్తి 10 నిమిషాల పాటు మాత్రమే. మామూలు టేకాఫ్ శక్తికి 5 నిమిషాలు. ఎండలో టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పరిమితి చేరకముందే టర్బైన్ ఉష్ణోగ్రత పరిమితి అడ్డం పడవచ్చు, అప్పుడు పుస్తకంలోని హార్స్‌పవర్ మీకు దొరకదు. ఆ తగ్గుదల కూడా బరువు పట్టికలలో ముందే కలిసి ఉంటుంది.

టర్బోప్రాప్‌కే ప్రత్యేకమైన ఒక పరిమితి గురించి చెప్పకుండా ఉండలేను. గాల్లో ఉండగా పవర్ లివర్లను ఫ్లైట్ ఐడిల్, అంటే గాల్లో అనుమతించే కనిష్ఠ శక్తి గీత, కిందికి తేవడం నిషిద్ధం. ఆ గీతకు దిగువన ప్రొపెల్లర్ బ్లేడ్ కోణం నేల మీద బ్రేకులా పనిచేసే స్థితికి పోతుంది. 2002 నవంబర్ 6న లక్సెంబర్గ్‌లో లక్సెయిర్ వారి ఫోకర్ 50 విమానం, అది కూడా రెండు ఇంజన్ల టర్బోప్రాపే, దిగడానికి వస్తూ లివర్లు ఆ గీత దాటి వెనక్కి రావడంతో కూలి, 22 మందిలో 20 మంది మరణించారు. బరువు పరిమితి దాటితే ప్రమాదం జరగవచ్చు, జరగకపోవచ్చు. ఇటువంటి పరిమితి దాటితే వెనక్కి తిరిగే సమయం కూడా ఉండదు. అందుకే పరిమితులన్నిటినీ ఒకే రకం అంకెలుగా చూడవద్దని కొత్తగా వచ్చేవారికి చెబుతూ ఉంటాను.

జవాబు: విశ్రాంత_ఏఎంఈ_చిత్తూరు

పైలట్ గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. కొన్ని పరిమితులు అనుభవం నేర్పిన తరువాత చేరినవి. 1994 అక్టోబర్ 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ 72, మంచు పట్టే మేఘాల్లో ఫ్లాప్స్ 15 డిగ్రీలు తెరిచి గాల్లో తిరుగుతూ వేచి ఉన్న తరువాత అదుపు తప్పి కూలింది. అందులోని 68 మందీ చనిపోయారు. అప్పటి మంచు నియమాలు ఊహించినదానికంటే పెద్ద నీటిబిందువులు గడ్డకట్టి, రెక్క మీద ఉబ్బి మంచును పగలగొట్టే రబ్బరు బూట్లు పనిచేసే భాగానికి వెనక పేరుకున్నాయి. ఆ తరువాత బూట్లను విస్తరించారు, అటువంటి వాతావరణంలో ఫ్లాప్స్ తెరిచి వేచి ఉండడాన్ని నిషేధించారు. మన ఎండల ఊరికి మంచుతో ఏమి పని అనుకోవద్దు. రుతుపవనాల కాలంలో రాయలసీమ మీద కూడా పదహారు, పదిహేడు వేల అడుగుల పైన మబ్బులో సున్నాకు దిగువ ఉష్ణోగ్రతే ఉంటుంది, ఏటీఆర్ తిరిగే ఎత్తు అదే.

ప్రశ్న అడిగినవారు: తిరుపతి_మెకానికల్

చివరిగా ఒక్క మాట అడుగుతాను. అత్యవసర పరిస్థితిలో లేచిన వెంటనే తిరిగి దిగవలసి వస్తే 22,350 దాటి ఉంటుంది కదా, అప్పుడు ఏమి చేస్తారు?

జవాబు: విశ్రాంత_ఏఎంఈ_చిత్తూరు

దిగుతారు. భద్రత కోసం తప్పనిసరి అయినప్పుడు ఆ నిర్ణయం తీసుకునే అధికారం కమాండర్‌కు ఉంది. వీలైనంత మెత్తగా దించి, ఎంత బరువుతో, ఎంత వేగంతో నేలను తాకిందో విమానపు సాంకేతిక పుస్తకమైన టెక్‌లాగ్‌లో రాస్తారు. ఆ తరువాత మెయింటెనెన్స్ ఇంజనీర్లమైన మా పని. అధిక బరువు ల్యాండింగ్ తనిఖీ అని మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ప్రత్యేకంగా ఉంటుంది. అండర్‌క్యారేజీ అతుకులు, రెక్క మొదట్లోని బోల్టులు, ఇంజన్ మౌంట్లు, టైర్లు అన్నీ చూసి, అవసరమైతే ఫ్లైట్ రికార్డర్‌లోని లోడ్ ఫ్యాక్టర్ వివరాలు తీసి పరిశీలించి, సంతకం పెట్టేవరకు ఆ విమానం కదలదు. 250 నాట్ల గరిష్ఠ వేగాన్ని దాటినా, ఫ్లాప్స్‌ను అనుమతించిన వేగం కంటే ఎక్కువ వేగంలో తెరిచినా, టార్క్ లేదా ఉష్ణోగ్రత గీత దాటినా పద్ధతి ఇదే. ఎంత దాటింది, ఎంతసేపు దాటింది అన్న రెండు అంకెలను బట్టి తనిఖీ స్థాయి మారుతుంది.