మూడడుగుల ఉప్పునీటి తొట్టెలో ఏ చేపలు కలిసి బతుకుతాయి?

ప్రశ్న (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. మా తొట్టెలో దాదాపు 150 లీటర్లు పడతాయి. మంచినీటి చేపలు పెంచిన అలవాటుంది కానీ ఉప్పునీటివి ఇదే మొదలు. రెండు క్లౌన్ ఫిష్, ఒక బ్లూ టాంగ్, నాలుగు డామినో డామ్సెల్స్, ఒక మాండరిన్ తీసుకోమని షాపులో చెప్పారు. నీలం చేప కావాలని మా పాప ఒకటే గొడవ. ఇవన్నీ సర్దుకుంటాయా? నీళ్లు కళింగపట్నం నుంచి పట్టుకొస్తే చాలా?

జవాబు (విజయనగరం)
గురువుగారూ, ఆ లిస్టులో క్లౌన్ జంట ఒక్కటే ఉంచండి. బ్లూ టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. దానికి ఆరడుగుల తొట్టె కావాలి. మాండరిన్ రాళ్ల మీద పాకే సన్నటి పురుగుల్ని ఏరుకు తింటుంది. కొత్త తొట్టెలో అవి ఉండవు కాబట్టి మన కళ్లముందే చిక్కి చచ్చిపోతుంది.

డామినోతో మరీ జాగ్రత్త. పిల్లగా ఉన్నప్పుడు నల్లటి ఒంటిమీద మూడు తెల్లచుక్కలతో ముద్దుగా ఉంటుంది. పెరిగేకొద్దీ తొట్టె మొత్తం తనదే అంటుంది. దెబ్బతిన్న చేపని ఇట్టే గుర్తుపట్టొచ్చు: రెక్కల అంచులు చిరిగి ఉంటాయి, హీటర్ వెనకాలో పైమూలనో నక్కి ఉంటుంది, మేత వేసినా బయటికి రాదు. అప్పుడు డామినోని పట్టాలంటే రాళ్లన్నీ పీకాల్సిందే.

పాప కోసం నీలి ఒళ్లు, పసుపు తోక ఉండే డామ్సెల్ ఒక్కటే తీసుకోండి. డామ్సెల్స్‌లో అది కాస్త నెమ్మది. అయినా అన్నిటికన్నా చివర్లో వదలండి, ముందు దిగిన చేపే పెత్తనం చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ అండీ. క్లౌన్స్‌లో ఆడా మగా ఎలా చూసుకోవాలి? అవి దాక్కునే ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) తప్పనిసరా?

జవాబు (విజయనగరం)
చూసుకోనక్కర్లేదు. పిల్లల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. మూడోది మాత్రం వద్దు. ఎనిమోన్ లేకపోయినా హాయిగా బతుకుతాయి. దానికి గట్టి లైటు, బాగా కుదురుకున్న తొట్టె కావాలి. ఇప్పుడే ఆ జోలికి పోకండి.

ఇంకో సభ్యుడు (టెక్కలి)
నీళ్ల సంగతి నేను చెప్తాను. కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తుంది కదా, వానాకాలంలో ఏటినీరు దిగితే ఉప్పదనం పడిపోతుంది, మురికీ వస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పునీటి తొట్టెలకని అమ్మే మెరైన్ ఉప్పు కలుపుకోవడమే మేలు. వంటకి వాడే ఉప్పు పనికిరాదు. సాంద్రత 1.025 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఆవిరైన మేరకి ఉత్త ఆర్‌ఓ నీళ్లే పొయ్యండి, ఉప్పు ఆవిరైపోదు.

చేపల కోసం తొందరపడకండి. కొత్త తొట్టె నీళ్లలో చేపలకి విషమయ్యే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది. ముందు క్లౌన్స్ దించండి, అవి రెండు మూడు వారాలు సరిగ్గా తింటుంటే తర్వాతది తెచ్చుకోండి. మొత్తం నాలుగు చిన్నచేపలు దాటొద్దు. ఫైర్‌ఫిష్ మీద మనసైతే పైన వల కప్పు బిగించాకే తేవాలి, అది బెదిరితే బయటికి దూకేస్తుంది.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కూడా కొని ఉంచండి. 2018లో తిత్లీ తుఫానుకి మన వైపు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. గాలి ఆడకపోతే ఈ చేపలు కొన్ని గంటలకి మించి తట్టుకోలేవు.