పెళ్లి సారెకు నానమ్మ గద్వాల చీర, ఇంటి సకినాలు: సలహాలు కావాలి

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. అప్పగింతలప్పుడు తన నానమ్మ గద్వాల చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది. మా అత్తగారిది జనగామ వైపు. ఆవిడ ట్రంకు పెట్టెలో గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలు చాలాకాలంగా మడత విప్పకుండా ఉన్నాయి. అమ్మాయి కోరిన చీరలో, కొంగుకు దగ్గరగా అంచు ఒంటితో కలిసేచోట జానెడు మేర పోగులు విడిపోయాయి. మిషన్ మీద ఒక కుట్టు వేయిస్తే చాలని బంధువులు అంటున్నారు గాని నాకు మనసొప్పడం లేదు.

రెండో సంగతి, సారెతో పంపే సకినాలను దుకాణంలో కొనకుండా ఇంట్లోనే చేయాలన్నది మా అత్తగారి కోరిక. సకినం చుట్టడానికి ఇప్పుడు ఆవిడ వేళ్లు సహకరించవు. కొలతలు అడిగితే "పిండిని పట్టుకుంటే నీకే తెలుస్తుంది" అంటారు. చీరను ఎలా బాగు చేయించాలి, ఆవిడ వంటను ఎలా నేర్చుకోవాలి?

జవాబు (బర్కత్‌పుర నుంచి)

మిషన్ జోలికి పోకండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం మీద ఒంటికీ అంచులకూ వేర్వేరు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేవి) నడుస్తాయి. రెండూ కలిసేచోట ఒంటి పేక (అడ్డపోగు), అంచు పేక ఒకదానినొకటి పెనవేసుకుని వెనక్కి తిరుగుతాయి. కుప్పడం అనేది ఈ పనినే. అక్కడ కుట్టు అన్నదే లేదు కనుక మిషన్ సూది పాత పట్టు పోగులను తెంపుకుంటూ పోతుంది. పైగా నూలు తడిస్తే ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు కాబట్టి, గట్టి దారంతో బిగించిన చోట ఆ తర్వాత అంచు కుచ్చులు పడుతుంది. నగరంలోని ఒక లాండ్రీ మా గద్వాల చీరను నీళ్లలో నానబెట్టి ఉతికి, సరిగ్గా అలాగే చేసి తిరిగి ఇచ్చింది.

రఫూ పని తెలిసినవారికి చూపించండి. విడిపోయిన చోట వెనుకవైపు అదే రంగు పలుచని పట్టుగుడ్డ పెట్టి, సన్నని దారంతో, బిగించకుండా చేతికుట్టు వేయమనండి.

మిగిలిన చీరలను గంజి లేకుండా దాచండి, గంజికి పురుగులు చేరతాయి. ప్లాస్టిక్ సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది, కలరా ఉండలు జరీకి నేరుగా తగిలితే అది నల్లబడుతుంది. అందుచేత ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, కొన్ని నెలలకొకసారి మడత మార్చి, నీడలో గాలికి ఆరవేయడం మేలు. పోచంపల్లి చీరను ఒకసారి తిరగేసి చూడండి. పోగుకు ముందే కట్లు కట్టి, రంగు వేసి నేసినదైతే బొమ్మ రెండువైపులా ఒకేలా, అంచుల దగ్గర కొద్దిగా చెదిరినట్లు ఉంటుంది. అలాంటి చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పడంలో, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసింది ఆ పనిలో తన తల్లి పడుతున్న బాధ చూసే.

జవాబు (హన్మకొండ మాది, ఇప్పుడు ఉప్పల్)

సకినాల సంగతి నేను చెబుతాను. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరిపోకముందే పిండి పట్టించాలి. కొన్న పొడిపిండితో చుట్టబోతే తీగ తెగిపోతుంది. మేము కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు వేస్తాము. నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ గుడ్డ మీద మూడు నాలుగు చుట్లు తిప్పాలి. గుడ్డ నీటిని పీల్చుకుని సకినం కాస్త గట్టిపడ్డాకే పళ్లెం మీదికి తీసి నూనెలో వదలాలి.

మీ అత్తగారిని కొలత అడగవద్దు. గిన్నె నిండా నీళ్లు తూకం వేసి ఆవిడ పక్కన కూర్చోండి. మీరు పిండి కలుపుతుంటే ఆవిడ వేలితో తాకి "చాలు" అన్నప్పుడు మిగిలిన నీళ్లను మళ్లీ తూచి రాసుకోండి. సోల, గిద్దె ఊరూరికీ మారతాయి కాబట్టి ఆవిడ వాడిన గిన్నెనే పట్టుకోండి. పెట్టెలో చిరిగిన పాత నూలు చీర ఉంటే చుట్టడానికి అదే పరవండి, అంత మెత్తగా నీరు పీల్చే గుడ్డ కొత్తది దొరకదు.

జవాబు (బర్కత్‌పుర నుంచి)

ఒక్క అభ్యంతరం. రంగు చీర మీద తడిపిండి పెట్టవద్దు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుతుందో లేదో తెలుస్తుంది, అయినా తినే వస్తువు విషయంలో నేనైతే తెల్ల ధోవతినే నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మామగారి పాత ధోవతులు రెండు ఉన్నాయి, వాటినే వాడతాము. మరో చిన్న సందేహం: సంక్రాంతికి చేసిన సకినాలు పెళ్లినాటి వరకు నిలుస్తాయా?

జవాబు (హన్మకొండ మాది, ఇప్పుడు ఉప్పల్)

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే విరగకుండా, మెత్తబడకుండా చాలా రోజులు ఉంటాయి. అయితే పాతబడేకొద్దీ నువ్వుల నుంచి పాత నూనె వాసన వస్తుంది. సంక్రాంతికి ఒక వాయి చేసి చెయ్యి తిప్పుకోండి, సారెకు పెట్టేవి పెళ్లికి వారం ముందు చేయండి.