అరసవల్లి కిరణాల తేదీలు, 7 రోజుల తేడా: దీనికీ గ్రహగతుల చరిత్రకూ సంబంధం ఉందా?

వంశధార_విద్యార్థిని (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ రెండవ సంవత్సరం భౌతికశాస్త్రం చదువుతున్నాను. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబర్ 1, 2, 3 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మన జిల్లాలో తెలియనివారు ఉండరు. క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కిస్తే మార్చి 10 నుంచి అక్టోబర్ 2 వరకు 206 రోజులు వస్తున్నాయి, అక్కడి నుంచి తిరిగి మార్చి 10 వరకు 159 రోజులే వస్తున్నాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 20, సెప్టెంబర్ 23 తేదీల మధ్య కూడా సంవత్సరం సరిగ్గా సగానికి విడిపోవడం లేదు. పైగా అక్టోబర్ 2కూ మార్చి 10కీ నడిమి రోజు డిసెంబర్ 20 లేదా 21 అవుతోంది; ఉత్తరాయణ పుణ్యకాలమని మా ఇంట్లో పాటించేది మాత్రం జనవరి సంక్రాంతినాడు.

మా పాఠ్యపుస్తకంలో టాలమీ, కోపర్నికస్, కెప్లర్, న్యూటన్ అని నాలుగు పేర్లు, నాలుగు వాక్యాలు ఉన్నాయి. నా ప్రశ్నలకు సమాధానం ఆ చరిత్రలో ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని మనవి.

లెక్కల_మాస్టారు (విజయనగరం):

అమ్మా, మీ లెక్క సరిగానే ఉంది. అయితే అందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి కనుక వాటిని ముందుగా విడదీయాలి.

మొదటిది 206, 159 సంగతి. మార్చి 10 ప్రాంతంలోనూ అక్టోబర్ 2 ప్రాంతంలోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీతకు) దక్షిణంగా మూడున్నర నుంచి నాలుగు డిగ్రీల దూరంలో ఉంటాడు, అంటే ఆ రెండు వేళలా నడితూర్పుకు కొద్దిగా దక్షిణాన, క్షితిజం మీద దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. డిసెంబర్ 21 దాకా దక్షిణానికి జరిగి అక్కడి నుంచి వెనుదిరుగుతాడు కాబట్టి, ఒకే చోట ఉదయించే రెండు రోజులు ఆ తేదీకి అటూ ఇటూ ఇంచుమించు సమాన దూరంలో పడతాయి. మీకు నడిమి రోజుగా డిసెంబర్ 20, 21 వచ్చింది అందుకే. కనుక 206కూ 159కీ మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం కిరణాలు లోపలికి వచ్చే దారి ఏ దిక్కుకు ఉందన్న దాని మీద ఆధారపడింది.

రెండవది సంక్రాంతి. మన పంచాంగం సూర్యుని స్థానాన్ని నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది, ఋతువులు మాత్రం విషువత్తును, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే వేళ సూర్యుడు ఉండే స్థానాన్ని, బట్టి నడుస్తాయి. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వలన విషువత్తు నక్షత్రాల మధ్య ఏటా సుమారు 50 వికలల (వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు) చొప్పున వెనక్కి జరుగుతుంది. దాదాపు 72 ఏళ్లకు అది ఒక రోజు తేడా. సుమారు 1,700 ఏళ్ల క్రితం మకర సంక్రమణమూ నిజమైన ఉత్తరాయణ ఆరంభమూ ఒక్కచోటే ఉండేవి, ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడం ఏర్పడింది. ఈ చలనాన్ని గ్రీకు ఖగోళజ్ఞుడు హిప్పార్కస్ క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలోనే గుర్తించాడు.

మూడవదే అసలు విషయం. మార్చి విషువత్తు నుంచి సెప్టెంబర్ విషువత్తు వరకు సుమారు 186 రోజులు, మిగిలిన సగానికి సుమారు 179 రోజులు. దిక్కుతోనూ ద్వారంతోనూ సంబంధం లేని ఈ 7 రోజుల తేడాను కూడా హిప్పార్కస్ కొలిచాడు. వసంతానికి (మార్చి విషువత్తు నుంచి జూన్ 21 ప్రాంతం దాకా) 94½ రోజులు, గ్రీష్మానికి (అక్కడి నుంచి సెప్టెంబర్ విషువత్తు దాకా) 92½ రోజులు అని లెక్క తేల్చి, సూర్యుడు ఒకే వేగంతో వృత్తంలో తిరుగుతున్నా ఆ వృత్తానికి కేంద్రం భూమి కాదని, వ్యాసార్థంలో 24వ వంతు దూరాన మరొకచోట ఉందని చెప్పాడు. వేగం మారుతుందని ఒప్పుకోకుండానే వేగం మారినట్టు కనబడేలా చేశాడన్నమాట. ఆకాశంలోని వస్తువులు సమవేగంతో వృత్తాల్లోనే తిరగాలన్నది ఆ కాలపు గ్రీకు తాత్వికుల పట్టుదల. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టాలమీ ఇదే పద్ధతిని గ్రహాలకు విస్తరించి వృత్తం మీద ఉపవృత్తాన్ని అమర్చాడు. అదీ చాలక, కేంద్రం నుంచి కాక మరో బిందువు నుంచి చూసినప్పుడే కోణీయ వేగం సమానంగా ఉండే ఏర్పాటు చేశాడు. దానిని మూఢనమ్మకంగా కొట్టిపారేసేవారిని చూస్తే నాకు చిరాకు. గ్రహం ఎప్పుడు ఎక్కడ ఉంటుందో దాదాపు 1,400 ఏళ్ల పాటు పనికివచ్చేంత మేరకు చెప్పగలిగిన గణితం అది.

బొబ్బిలి_వాసి:

మాస్టారూ, గ్రీకుల గురించి ఇంత చెప్పారు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని మన ఆర్యభటుడు 499లోనే చెప్పాడు కదా, ఆ మాట ముందు రావాలి కదా?

పంచాంగం_చదువరి (నరసన్నపేట):

బొబ్బిలివారికి మనవి. ఆర్యభటుడు చెప్పింది భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని. సూర్యుని చుట్టూ తిరుగుతుందని కాదు. ముందుకు సాగే పడవలో కూర్చున్నవానికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, కదలని నక్షత్రాలు లంకలో (భూమధ్యరేఖ మీద మన ఖగోళ గ్రంథాలు ఊహించిన చోట) ఉన్నవారికి పడమటికి పోతున్నట్టు అలాగే కనిపిస్తాయని ఆయన శ్లోకం. నక్షత్రాలను బట్టి భూభ్రమణ కాలంగా ఆయన సంఖ్యల నుంచి వచ్చేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, నేటి విలువకు దాదాపు సమానం. గ్రహణాలకు కారణం నీడలేనని కూడా స్పష్టంగా చెప్పాడు. ఆయన గొప్పతనానికి ఇవి చాలు, అనని మాటను ఆయనకు అంటగట్టవలసిన అవసరం లేదు.

ఆ మాటనైనా మనవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. భూమి తిరిగేటట్లయితే ఎగిరిపోయిన పక్షులు తమ గూళ్లకు ఎలా చేరగలవని వరాహమిహిరుడు ఆక్షేపించాడు, బ్రహ్మగుప్తుడు 628లో ఇంకా గట్టిగా విమర్శించాడు. ఆ ఆక్షేపణ తెలివితక్కువది కాదు. భూమితో పాటు గాలీ పక్షీ కూడా అదే వేగాన్ని పంచుకుంటాయన్న భావం స్థిరపడేందుకు గెలీలియో కాలం దాకా ఆగవలసివచ్చింది.

విద్యార్థిని గారు అడిగిన 7 రోజుల తేడా మాత్రం మన సిద్ధాంత గ్రంథాల్లో మొదటి నుంచీ ఉంది. దానికి మందఫలమని పేరు. మధ్యమ రవికి, అంటే సమవేగంతో నడిచే ఊహాసూర్యునికి, ఈ సవరణ కలిపితేనే స్ఫుట రవి, అంటే ఆకాశంలో నిజంగా కనబడే సూర్యుడు, వస్తాడు. ఆర్యభటుడు సూర్యుని మందవృత్త (ఈ సవరణ లెక్కకు వాడే చిన్న వృత్తం) పరిధిని 360 భాగాల్లో 13½ భాగాలుగా తీసుకున్నాడు. పంచాంగం చేతిలో ఉన్నవారు దీనిని ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. డిసెంబర్ మధ్యలో మొదలై భోగితో ముగిసే ధనుర్మాసం 29 రోజులకు కొంచెం పైన ఉంటుంది, జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకు సూర్యుడు మిథునంలో ఉండే నెల 31½ రోజులు దాటుతుంది. రెండింటిలోనూ సూర్యుడు నడిచేది 30 డిగ్రీలే. సూర్యుడు రాశి మారకుండానే గడిచిపోయే చాంద్రమాసం అధికమాసం, రెండుసార్లు రాశి మారేది క్షయమాసం; చాంద్రమాసం సగటున 29.53 రోజులు కనుక మిథునం వంటి పెద్ద నెలల వైపే అధికమాసాలు ఎక్కువగా పడతాయి, ఎంతో అరుదుగా వచ్చే క్షయమాసం మార్గశిర, పుష్య మాసాల పరిసరాల్లోనే పడుతుంది. మా ఇంటి పెద్దలు ఈ నియమాన్ని బట్టీ పట్టించారు కానీ కారణం చెప్పలేదు.

మరొక్క మాట. కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో పంచగ్రహాలు సూర్యుని చుట్టూ తిరుగుతాయని, వాటన్నిటితో కలిసి సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని ఒక నమూనా ఇచ్చాడు. డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహీ 1588లో ప్రకటించిన నమూనా దీనికి దగ్గరగా ఉంటుంది.

వంశధార_విద్యార్థిని (శ్రీకాకుళం):

ధనుర్మాసం సంగతి మా తాతగారికి చెబితే ఆయన వెంటనే పంచాంగం తీశారు. మాస్టారూ, ఇంకొక సందేహం. సూర్యుణ్ణి మధ్యలో పెట్టగానే కోపర్నికస్‌కు ఈ 7 రోజుల తేడా తీరిపోయిందా?

ఫిజిక్స్_లెక్చరర్ (విజయనగరం):

తీరలేదు. 1543లో కోపర్నికస్ పుస్తకం వెలువడినప్పుడు సూర్యునికి భూమికి స్థానాలు మారాయి కానీ వృత్తాలూ ఉపవృత్తాలూ అలాగే ఉన్నాయి. భూమి తిరిగే వృత్తానికి కేంద్రం సూర్యుడు కాకుండా పక్కనున్న ఒక బిందువు కావలసివచ్చింది. ఆయన సాధించినది వేరు. కుజుడు సుమారు 780 రోజులకు ఒకసారి వెనక్కి నడిచినట్టు కనబడటానికి, వేగంగా పోయే భూమి అతనిని దాటిపోవడమే కారణమని తేలింది. గ్రహాల వరుస, సూర్యుని నుంచి వాటి దూరాల నిష్పత్తులు మొదటిసారి ఒకదానికొకటి ముడిపడ్డాయి.

మీ ప్రశ్నకు సమాధానం ఇచ్చినవాడు కెప్లర్. ఆయన 1600లో ప్రాగ్ చేరి టైకో దగ్గర పనికి కుదిరాడు, మరుసటి ఏడే టైకో మరణించడంతో దూరదర్శిని లేని కాలంలో అత్యంత నిశితంగా తీసిన ఆ పరిశీలనలు కెప్లర్ చేతికి వచ్చాయి. కుజుని మార్గాన్ని పాత పద్ధతిలోనే ఎంతో శ్రమపడి అమర్చినా ఒకచోట 8 కళల (కళ అంటే డిగ్రీలో 60వ వంతు) తేడా మిగిలింది. పూర్ణచంద్రుని వెడల్పులో అది నాలుగో వంతు. టాలమీ కాలపు పరిశీలనలైతే అంత తేడాను ఎవరూ లెక్కపెట్టేవారు కారు, టైకో కొలతల్లో మాత్రం అంత పొరపాటు ఉండదని కెప్లర్‌కు తెలుసు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ తరువాతిది, పాఠ్యపుస్తకాలు దానిని వదిలివేస్తాయి. కుజుని సంగతి తేల్చాలంటే కుజుణ్ణి చూస్తున్న మన భూమి ఎలా కదులుతోందో ముందు తెలియాలని కెప్లర్ గ్రహించి, భూమి మార్గాన్నే కొత్తగా కొలిచాడు. హిప్పార్కస్ చెప్పిన 24వ వంతు ఎడం, సూర్యుడు వేగంగా నడుస్తున్నట్టు కనబడటానికి దూరమొక్కటే కారణమనుకుని వేసిన లెక్క. అదే నిజమైతే సూర్యబింబం పరిమాణం ఏడాదిలో సుమారు 8 శాతం మారాలి. వాస్తవంగా మారేది మూడున్నర శాతానికి లోపే. కనుక తేడాలో సగం దూరం వలన వస్తే మిగిలిన సగం భూమి నిజంగానే వేగం మార్చుకోవడం వలన వస్తోంది. సమవేగమన్న పట్టుదల అక్కడ విడిపోయింది. సూర్యుని నుంచి గ్రహానికి గీసిన రేఖ సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను తుడుస్తుందన్న నియమం, కక్ష్య దీర్ఘవృత్తమన్న నియమం 1609లో కలిసి వెలువడ్డాయి. కాలానికీ దూరానికీ సంబంధం చెప్పే మూడవ నియమం 1619లో వచ్చింది.

ఇక మీ 7 రోజులు. భూమి జనవరి మొదటి వారంలో పరిహేళి (కక్ష్యలో సూర్యునికి అతి దగ్గరి చోటు) వద్ద సూర్యునికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండి సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతో పోతుంది. జూలై మొదటి వారంలో అపహేళి (అతి దూరపు చోటు) వద్ద 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో వేగం 29.3 కిలోమీటర్లకు తగ్గుతుంది. చలికాలంలో మనం సూర్యునికి దగ్గరగా ఉంటామన్నది చాలామంది విద్యార్థులు నమ్మని మాట, కానీ ధనుర్మాసం చిన్నది కావడానికి కారణం అదే. ఆశ్చర్యమేమంటే మన కక్ష్యను కాగితం మీద గీస్తే కంటికి వృత్తంగానే కనబడుతుంది: పొడవుకూ వెడల్పుకూ తేడా 10,000లో ఒకటిన్నర వంతు కూడా లేదు. సూర్యుడు మధ్యలో లేకపోవడం మాత్రం పంచాంగంలోకి ఎక్కింది.

హిప్పార్కస్ నాడు వసంతం అన్నిటికంటే పెద్ద ఋతువు. నేడు గ్రీష్మం 93.6 రోజులతో పెద్దది, వసంతం 92.8 రోజులే. విషువత్తూ పరిహేళీ ఎదురెదురుగా జరుగుతూ సుమారు 21,000 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తాయి కనుక 7 రోజుల తేడా కూడా శాశ్వతం కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది న్యూటన్ 1687లో చెప్పాడు: దూరపు వర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణ ఒక్కటి చాలు, మూడు నియమాలూ దాని నుంచే వస్తాయి. 1846లో నెప్ట్యూన్‌ను గణితంతో పట్టుకోవడం, బుధుని కక్ష్యలో శతాబ్దానికి 43 వికలల తేడా మిగిలి 1915లో ఐన్‌స్టీన్ దాకా ఆగవలసిరావడం ఆ తరువాతి కథ.

వంశధార_విద్యార్థిని (శ్రీకాకుళం):

ధన్యవాదాలు మాస్టారూ. కెప్లర్ నియమాలు నిష్పత్తులనే ఇస్తాయి కదా, మరి ఈ 14.71 కోట్ల కిలోమీటర్లు ఎలా తెలిశాయి?

లెక్కల_మాస్టారు (విజయనగరం):

మంచి ప్రశ్న, దానికి మన ఉత్తరాంధ్రతోనూ కొంచెం సంబంధం ఉంది. ఒక్క దూరం కిలోమీటర్లలో తెలిస్తే మూడవ నియమం మిగిలినవన్నీ ఇచ్చేస్తుంది. 1672లో కుజుణ్ణి ఒకే కాలంలో పారిస్ నుంచి, దక్షిణ అమెరికాలోని కయెన్ నుంచి చూసి, కనబడిన స్థానభేదాన్ని బట్టి సూర్యుని దూరాన్ని సుమారు 14 కోట్ల కిలోమీటర్లుగా రాబట్టారు. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటే సమయాన్ని భూమి మీద దూరదూరపు చోట్ల నుంచి కొలిస్తే ఇంకా బాగా తెలుస్తుందని ఇంగ్లండ్ ఖగోళజ్ఞుడు హేలీ 1716లో సూచించాడు; 1761, 1769 సంవత్సరాల్లో ఓడలెక్కి వెళ్లి మరీ కొలిచారు. శుక్రుడు మళ్లీ అలా దాటడం 1874 డిసెంబర్ 9న జరిగినప్పుడు, విశాఖపట్నంలో తన మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి అంకితం వెంకట నర్సింగరావు దానిని పరిశీలించి, ఫలితాలను లండన్ ఖగోళ సంఘపు పత్రికకు పంపాడు. శుక్రబింబం సూర్యుని అంచును తాకే క్షణం మసకగా ఉండటం వలన ఈ పద్ధతి ఆశించినంత నిశితంగా పనిచేయలేదు. 1961లో శుక్రుని మీదికి రాడార్ తరంగాలు పంపి అవి తిరిగి వచ్చే కాలాన్ని కొలిచాకే ఆ లెక్క గట్టిపడింది, 2012లో ఖగోళ ప్రమాణాన్ని (భూమికీ సూర్యునికీ మధ్య సగటు దూరాన్ని బట్టి ఏర్పడిన కొలమానాన్ని) 14,95,97,870.7 కిలోమీటర్లుగా స్థిరపరిచారు.